నేల ఒప్పుకునే వెడల్పు

గుర్రానికి నాడా కొట్టడం మనకు తెలుసు. గుర్రానికి చెప్పులు తొడిగిన ఊళ్లు కూడా ఉన్నాయి. కాలిఫోర్నియాలో శాక్రమెంటో, శాన్ వాకీన్ నదులు కలిసే డెల్టాలో, పంతొమ్మిదో శతాబ్దం చివర్లో, పొలం దున్నే గుర్రాల గిట్టలకు బాగా వెడల్పున్న పలకల్లాంటి చెప్పులు బిగించేవాళ్లు. అక్కడ పెరిగే జమ్ములాంటి మొక్కను టూలీ అంటారు. దాని పేరు మీదే వాటికి టూలీ చెప్పులని పేరొచ్చింది. ఆ ఉపాయం చైనా కూలీలదని చెబుతారు. 1869లో రైలుమార్గం పని అయిపోయాక ఆ కూలీల్లో చాలామంది ఈ డెల్టాకే వచ్చారు. నడుములోతు నీళ్లలో నిలబడి, పారలతో, తోపుడుబళ్లతో నదుల గట్లు పోశారు. గట్టు వేసి, నీళ్లు తోడేస్తే, అడుగున నల్లటి, తేలికైన, బాగా పండే నేల బయటపడింది. ఆ నేలలో ఒకటే ఇబ్బంది. అది ఎవరి బరువూ మొయ్యదు.

ఈ వ్యాసం ఆ ఇబ్బంది గురించి. ఇంకాస్త కచ్చితంగా చెప్పాలంటే, మెత్తటి నేల మీదికి బరువైన యంత్రం వెళ్లాలంటే దాని పాదం ఎంత వెడల్పుండాలి అన్న ప్రశ్న గురించి. ఇక్కడ నేను సాధారణంగా కథల గురించీ నవలల గురించీ రాస్తుంటాను. చదివింది సివిల్ ఇంజనీరింగు, చేసేది సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. చదివిన చదువుతో పని పడక పదిహేనేళ్లయింది. ఈమధ్య మా బాబాయి ఒక చిన్న ప్రొక్లెయిన్ కొనబోతూ అడిగిన ప్రశ్నకు జవాబు వెతుకుతూ పోతే అది ఆ డెల్టా దాకా లాక్కెళ్లింది. బాబాయి ప్రశ్న తర్వాత చెప్తాను. ముందు చక్రం సంగతి.

చక్రం ఓడిపోయిన చోటు

నేల చక్రాన్ని మింగడం మనకు కొత్త కాదు. కర్ణుడి కథ తెలియని తెలుగువాడు ఉండడు. అక్కడ అది శాపం. డెల్టాలో మాత్రం రోజూ జరిగే పని. ఆ డెల్టా నేల పీట్ నేల. అంటే జమ్మూ తుంగా వేల ఏళ్లపాటు నీటి అడుగున సగం కుళ్లి, పొరలు పొరలుగా పేరుకున్నది. చేత్తో పట్టుకుంటే బరువుండదు. కాలు పెడితే స్పాంజిలా కుంగుతుంది.

డెల్టా అంచున ఉన్న స్టాక్‌టన్ పట్నంలో హోల్ట్ సోదరులు 1883లో చక్రాల కంపెనీ పెట్టారు. తమ్ముడు బెంజమిన్ హోల్ట్ 1890లో ఆవిరి ట్రాక్టరు తయారుచేశాడు. గట్టినేల మీద అది బ్రహ్మాండంగా నడిచింది. డెల్టా రైతులు దాన్ని కొని పీట్ నేలలోకి దింపితే దిగబడిపోయింది. చక్రాల మనిషికి తట్టే మొదటి మందు చక్రాన్నే వెడల్పు చెయ్యడం. అదే చేశారు. ఒక్కో చక్రం ఏడున్నర అడుగుల ఎత్తు, ఆరడుగుల వెడల్పు. అలాంటివి పక్కపక్కన బిగిస్తూ పోతే చివరికి ఒక ట్రాక్టరు మొత్తం వెడల్పు 46 అడుగులు అయింది. ఆ లెక్కన చూస్తే మన ఊళ్లలో ఏ సందులోనూ పట్టదు, ఏ వంతెనా ఎక్కదు. వెనక్కి తిప్పడానికే ఒక పొలం కావాలి.

ఎందుకిలా అయింది? గుండ్రటి చక్రం నేలను తాకేది చిన్న పట్టీ మేరకే. దాన్ని పొడుగు చెయ్యాలంటే చక్రాన్ని ఇంకా ఎత్తుగా చెయ్యాలి. అదెంతో దూరం పోదు. కాబట్టి పక్కకే పెంచుకుంటూ పోవాలి. హోల్ట్ చివరికి చక్రాన్ని వదిలేశాడు. 1904 నవంబరు 24న, డెల్టాలోని రాబర్ట్స్ దీవిలో, ఒక ఆవిరి ట్రాక్టరు వెనక చక్రాలు తీసేసి, వాటి స్థానంలో గొలుసులకు చెక్కపలకలు బిగించిన పట్టాలు తొడిగి నడిపించాడు. పట్టా తొమ్మిదడుగుల పొడుగు. అంటే యంత్రం తన దారిని తానే ముందు పరుచుకుంటూ, దాని మీద నడిచి, వెనక ఎత్తుకుంటూ పోతుంది. పీట్ నేల దాన్ని మోసింది. కంపెనీ ఫొటోగ్రాఫరు చార్లెస్ క్లెమెంట్స్ అది గొంగళిపురుగులా పాకుతోందన్నాడట. ఆ మాట కంపెనీ ట్రేడ్‌మార్కు అయింది. 1925లో హోల్ట్ కంపెనీ, పోటీదారు బెస్ట్ కంపెనీ కలిసిపోయినప్పుడు ఆ పురుగు పేరే కొత్త కంపెనీకి మిగిలింది: క్యాటర్‌పిల్లర్.

ఈ కథను 'ఒక మనిషి, ఒక ఆవిష్కరణ' అన్నట్టు చెప్పడం అమెరికా వాళ్లకు ఇష్టం. నిజం అంత శుభ్రంగా ఉండదు. హోల్ట్ కంటే ముందే, 1901లో, మెయిన్ రాష్ట్రంలో ఆల్విన్ లాంబార్డ్ మంచు మీద దుంగలు లాగే ఆవిరి బండికి ఇలాంటి పట్టాలు పెట్టి పేటెంటు తీసుకున్నాడు. ఇంగ్లండులో హార్న్స్‌బీ కంపెనీ ఇంజనీరు డేవిడ్ రాబర్ట్స్ 1904లోనే గొలుసు పట్టాకు పేటెంటు పొందాడు. ఆ పేటెంట్లను తర్వాత హోల్ట్ కంపెనీయే కొనుక్కుంది. మంచు, పీట్, బురద. మూడుచోట్లా అడిగింది నేలే. మనుషులు విడివిడిగా ఒకే జవాబు రాశారు. ఆ జవాబు మొదటి చిత్తుప్రతి గుర్రం కాలికి పలక కట్టినవాడిది. అతని పేరు ఏ పేటెంటులోనూ లేదు. 1882లో అమెరికా చట్టం చేసి మరీ అతని దేశం నుంచి కూలీల రాకను ఆపేసింది.

గట్టినేల తీర్పు

పట్టా గెలిచిందని ఇక్కడితో ఆపేస్తే కథ తప్పుదారి పడుతుంది. నాలుగేళ్లు తిరక్కుండానే అదే హోల్ట్ యంత్రం, అదే రాష్ట్రంలో, ఇంకో నేల మీద ఓడిపోయింది.

లాస్ ఏంజిలస్ నగరానికి 233 మైళ్ల దూరం నుంచి నీళ్లు తెచ్చే కాలువ పని 1908లో ఊపందుకుంది. మొహావీ ఎడారి గుండా సామాన్లు మొయ్యాలి. ఇంజనీరు విలియం మల్‌హాలండ్ బృందం హోల్ట్ ట్రాక్టర్లు 28 తెప్పించింది. ఎడారిలో ఇసుక, రాయి, ఎండ. పట్టాల కీళ్లలోకి ఇసుక చేరి పిన్నులు అరిగిపోయాయి. మరమ్మతుల ఖర్చు తట్టుకోలేక చివరికి కంచరగాడిదల్నే మళ్లీ కట్టారు. 52 కంచరగాడిదలు ఒక పెద్ద ఇనుప గొట్టాన్ని లాగుతున్న ఫొటో ఆ కాలువ చరిత్రలో ప్రసిద్ధం. పీట్ నేల మీద అద్భుతమైన వస్తువు ఇసుకనేల మీద ఖర్చు అయింది.

సైన్యాలు ఈ పాఠాన్ని ఇంకా పెద్ద మూల్యం చెల్లించి నేర్చుకున్నాయి. మొదటి ప్రపంచయుద్ధంలో హోల్ట్ ట్రాక్టర్లు ఫిరంగులు లాగాయి. ఆ పట్టా ఆలోచన నుంచే ట్యాంకు పుట్టింది. 1917లో పాషెన్‌డేల్ దగ్గర వానలకూ గుళ్లవర్షానికీ ముద్దయిన నేలలో ఆ ట్యాంకులే దిగబడిపోయాయి. పట్టా ఉంటే చాలదు, చాలినంత ఉండాలి. రెండో యుద్ధంలో జర్మన్లు 36 నుంచి 40 సెంటీమీటర్ల వెడల్పు పట్టాలున్న ట్యాంకులతో రష్యాలోకి వెళ్లారు. ఎదురొచ్చిన టి-34కి 50, 55 సెంటీమీటర్లు. వసంతంలో మంచు కరిగి రోడ్లన్నీ అడుసైపోయే దేశంలో పుట్టిన బండికీ, మంచి రోడ్లున్న దేశంలో పుట్టిన బండికీ ఉన్న తేడా అది. తర్వాత జర్మన్లు టైగర్ ట్యాంకుకు 72 సెంటీమీటర్లు దాటిన పట్టా పెట్టారు. పెట్టాక అది రైలు పెట్టె మీద పట్టలేదు. అందుకని ప్రయాణానికి 52 సెంటీమీటర్ల పట్టాలు ఇంకో జత! రైలెక్కే ముందు ఒకటి విప్పి ఇంకోటి తొడగాలి, దిగాక మళ్లీ మార్చాలి. ఒక్కో పట్టా టన్నుల బరువు. వెడల్పు ఊరికే రాదు అనడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు దొరకలేదు.

బాబాయి ప్రశ్న

మనవైపు ఎక్స్‌కవేటర్ని ప్రొక్లెయిన్ అంటారు. పొక్లెయిన్ ఒక ఫ్రెంచి కంపెనీ పేరు. 1951లో అది హైడ్రాలిక్ ఎక్స్‌కవేటరు తయారుచేసింది. 1970ల్లో ఎల్ అండ్ టీ ఆ కంపెనీ సాంకేతికతతో ఇక్కడ తయారీ మొదలుపెట్టాక, ఆ పేరు మన నోళ్లలో నలిగి, ఏ కంపెనీ బండికైనా అదే పేరైపోయింది. చిన్నవి జపాను సరుకు. ఇరుకు సందులూ చిన్న చిన్న వరిమళ్లూ ఉన్న దేశం కాబట్టి, 1960ల చివరా 70ల మొదట్లోనూ యన్మార్, తకేఉచి లాంటి కంపెనీలు రెండు మూడు టన్నుల బళ్లు తీసుకొచ్చాయి.

మా బాబాయికి ఆకివీడు వైపు చేపల చెరువులున్నాయి. చెరువు ఎండగట్టినప్పుడు అడుగు మట్టి తియ్యడానికీ, గట్లు సరిచెయ్యడానికీ ఏటా అద్దెకు బండి తెస్తాడు. ఈసారి ఐదు టన్నుల పాతబండి సొంతంగా కొందామనుకున్నాడు. రెండు బళ్లు చూశాడు. ఒకదానికి 400 మిల్లీమీటర్ల చైన్లు, ఇంకోదానికి ఎవరో ప్రత్యేకంగా వేయించిన 550 మిల్లీమీటర్లవి. రెండోది రెండున్నర లక్షలు ఎక్కువ. "నువ్వు సివిల్ చదివావు కదరా, చెప్పు. ఈ జానెడు ఇనుముకి రెండున్నర లక్షలు పెట్టొచ్చా?" అన్నాడు ఫోన్లో. నిజానికి జానెడు కూడా కాదు. ఆయనకది ఒక చెరువు మీద ఒక పంట లాభం. పొరపాటైతే బండి దిగబడి, దాన్ని లాగడానికి పెద్దబండి తెప్పించి, ఆ రోజుల అద్దె కట్టి, ఇంకా ఆపరేటరు ప్రాణానికి జవాబు చెప్పాలి.

ముందు సులువైన లెక్క చేశాను. ఐదు వేల కిలోల బండి. ఒక్కో చైను నేలను తాకే పొడుగు రెండు మీటర్లు అనుకుందాం. 400 మిల్లీమీటర్లయితే రెండు చైన్ల వైశాల్యం 16,000 చదరపు సెంటీమీటర్లు. అంటే చదరపు సెంటీమీటరుకు 0.31 కిలోలు. 550 అయితే వైశాల్యం 22,000. ఇనుము పెరిగింది కాబట్టి బరువుకు ఇంకో 200 కిలోలు కలిపితే 0.24. సుమారు నాలుగో వంతు తగ్గింది. పోల్చి చూడండి: 70 కిలోల మనిషి నడుస్తూ ఒంటికాలి మీద ఉన్న క్షణంలో, పాదం 200 చదరపు సెంటీమీటర్లు అనుకుంటే, అతని ఒత్తిడి 0.35. అంటే కాగితం మీద ఆ బండి బాబాయి కంటే తేలిగ్గా నడుస్తుంది!

కాగితం మీద మాత్రమే. ఎక్స్‌కవేటరు ట్రాక్టరులా బరువును మధ్యలో పెట్టుకుని నడిచే బండి కాదు. దాని పనే చెయ్యి చాచడం. బకెట్టు నిండా తడిమట్టితో చెయ్యి ముందుకు చాస్తే మొత్తం బరువుకేంద్రం ముందుకు జరుగుతుంది. రెండు మీటర్ల చైను మీద ఆ కేంద్రం ఆరో వంతు, అంటే 33 సెంటీమీటర్లు జరిగితే చాలు, వెనక కొస మీద ఒత్తిడి సున్నా, ముందు కొస మీద రెండింతలు. గోపురాలూ ఆనకట్టలూ కట్టేవాళ్లకు బాగా తెలిసిన సూత్రమే ఇది: బరువు మధ్య మూడోవంతు దాటి బయటికి పోకూడదు. పక్కకి చాస్తే ఒక చైను తేలికవుతుంది, ఇంకోటి ముప్పాతిక బరువు మోస్తుంది. కాబట్టి అసలు సంగతి ఇది: వెడల్పు తగ్గించేది పావు వంతు, ఆపరేటరు చెయ్యి పెంచేది రెండింతలు. బండి నడుస్తున్నప్పుడు కాక, తవ్వుతూ తవ్వుతూ ఒక మూలకి ఒరిగి దిగబడటం అందుకే ఎక్కువ.

మట్టి రకాన్ని బట్టి

ఇక్కడ ఇంకో పాత మనిషిని పిలవాలి. ఫ్రెంచి సైనిక ఇంజనీరు కూలుంబ్. విద్యుత్ పాఠంలో మనందరం చదివిన కూలుంబే. మార్టినిక్ దీవిలో కోట కట్టిస్తూ నేర్చుకున్న విషయాలతో 1773లో ఒక వ్యాసం సమర్పించాడు. నేల జారిపోకుండా పట్టుకునే బలం రెండు రకాలని అందులోని సారాంశం. ఒకటి, మట్టిరేణువులు ఒకదానికొకటి అంటుకునే జిగురు. రెండోది, ఒకదాని మీదొకటి ఒరుసుకునే రాపిడి. జిగురు బలం ఎంత వైశాల్యం పట్టుకుంటే అంత పెరుగుతుంది. రాపిడి బలం ఎంత బరువు పెడితే అంత పెరుగుతుంది.

దీన్ని 1944లో బ్రిటిష్ ఇంజనీరు మికిల్‌త్వెయిట్ ట్యాంకులకు అన్వయించాడు. ఫలితం చూడ్డానికి చిన్నది, వాడుకలో పెద్దది. రేగడి లాంటి జిగటనేలలో వెడల్పు పట్టా బండికి ఎక్కువ పట్టునిస్తుంది. ఇసుకలో పట్టు బరువును బట్టి వస్తుంది కాబట్టి, వెడల్పు కుంగకుండా కాపాడొచ్చుగానీ లాగే బలం పెద్దగా పెంచదు. పన్నెండేళ్ల తర్వాత, 1956లో, పోలండు నుంచి వలస వచ్చిన ఎం. జి. బెకర్ ఈ విషయం మీద ఒక పెద్ద పుస్తకమే రాశాడు. 1971లో అపోలో 15 చంద్రుడి మీద నడిపిన బండి వెనక కూడా ఆయన పనుంది. బెకర్ నొక్కిచెప్పిన మాట ఒకటి బాబాయికి నచ్చింది: వైశాల్యం అంతే ఉన్నప్పుడు, పొట్టిగా వెడల్పుగా ఉన్న పట్టా కంటే పొడుగ్గా సన్నగా ఉన్నదే మేలు. ముందు నొక్కిన దారినే వెనక భాగం వాడుకుంటుంది, కొత్తగా నొక్కాల్సిన మట్టి తక్కువ. "దోనె అంతే కదరా. పొడుగ్గా ఉంటేనే నీళ్లని కోస్తుంది" అన్నాడు బాబాయి. అయితే పొడుగు చైను తిరగదు. పక్కకి తిప్పబోతే నేలంతా గీక్కుంటూ పోతుంది. చిన్న ఎక్స్‌కవేటరు రోజంతా చిన్నచోట తిరగాలి. అందుకే దానికి మిగిలింది వెడల్పు పెంచడం ఒక్కటే.

చేపల చెరువు అడుగుకు ఇంకో గుణముంది. ఎండగట్టిన చెరువు పైన పెచ్చు కడుతుంది, కింద ఊబిలానే ఉంటుంది. పైన నడిచి చూసి గట్టిగా ఉందనుకుంటాం. వెడల్పు చైను పెచ్చు పగలకుండా కాపాడుతుంది, అది నిజం. కానీ ఒక మీటరు, మీటరున్నర లోతుకు వెళ్లేసరికి మట్టికి చైను వెడల్పు దాదాపు తెలియదు. పైన మొత్తం ఎంత బరువుందన్నదే తెలుస్తుంది. కాబట్టి వెడల్పు కొనిచ్చేది పై పొరనే. కింది పొరను కొనివ్వదు.

వెడల్పుకు ఎదురుఖర్చులూ ఉన్నాయి. చైను బయటి అంచు ఒక రాయి మీదో మొద్దు మీదో ఎక్కితే ఆ బరువంతా లింకుల్నీ పిన్నుల్నీ మెలితిప్పుతుంది. వెడల్పు పెరిగేకొద్దీ ఆ మెలి పెరుగుతుంది. గట్టిబాట మీద తిరిగినప్పుడు అరుగుదల ఎక్కువ. లారీ మీద ఎక్కించాలన్నా, చెరువు గట్టు మీద నడపాలన్నా వెడల్పు అడ్డమొస్తుంది. అందుకే ఈ రంగంలో పండినవాళ్లు చెప్పేది ఒకటే: దిగబడకుండా ఉండటానికి ఎంత కావాలో అంతే, అంతకు మించి ఒక్క వేలు కూడా వద్దు.

ఇదంతా విని బాబాయి ఊరుకున్నాడా అంటే, లేదు. ఆయన తన ఊరి అనుభవం చెప్పాడు. దమ్ము చేసే ట్రాక్టరుకు కేజ్‌వీల్స్ వేస్తారు కదా, అవి తేలవు. బురదలో దిగి, కింద జానెడు లోతులో ఉన్న గట్టి పొరను పట్టుకుని నడుస్తాయి. ఎద్దుబండి చక్రం సన్నగా ఉండేదీ అందుకే. కింద గట్టి పొర ఉన్నచోట దిగడం మేలు, లేనిచోట తేలడం మేలు. కోతల వేళ వాన పడితే టైర్ల మిషన్ని పక్కనపెట్టి, అద్దె ఎక్కువైనా చైన్ మిషన్నే తెచ్చుకుంటారు. "అంటే ముందు అడుగున ఏముందో చూసుకోవాలి, తర్వాత చైను" అన్నాడు. నేను పది పేజీలు చదివి చేరిన చోటికి ఆయన ఒక వాక్యంలో వచ్చేశాడు.

చివరికి 550 బండే తీసుకున్నాడు. నా లెక్క చూసి కాదు. ఈలోగా 400 బండిని ఇంకొకరు పట్టుకుపోయారు. అయినా ఆపరేటరు చెరువులోకి దిగేముందు గడకర్రతో గుచ్చి చూస్తాడు. అనుమానంగా ఉంటే తాటిదుంగలు పరిపిస్తాడు. చైను అనేది యంత్రం తనతో తెచ్చుకునే దుంగల బాట అయితే, దాని కింద ఇంకో దుంగల బాట పరచడం అన్నమాట.

ఆ నేల ఏమైంది

హోల్ట్ పట్టా నడిచిన డెల్టా సంగతి చెప్పకపోతే ఈ చరిత్ర సగమే అవుతుంది. నీళ్లు తోడేసిన పీట్ నేలకు గాలి తగిలింది. వేల ఏళ్లు నీటి అడుగున కుళ్లకుండా ఉన్నది, గాలి తగలగానే నెమ్మదిగా కరిగి గాలిలో కలిసిపోవడం మొదలైంది. కొంత తగలబెట్టారు, కొంత గాలికి ఎగిరిపోయింది. ఏటా కొద్దికొద్దిగా పొలాల మట్టం దిగింది. ఇవాళ డెల్టా మధ్యలోని కొన్ని దీవుల్లో నేల సముద్రమట్టానికి 15 అడుగుల కంటే కిందికి, కొన్నిచోట్ల 25 అడుగుల దాకా కిందికి ఉంది. గట్టు అవతల నది పైన పారుతుంటుంది, ఇవతల పొలం గిన్నెలా లోపల ఉంటుంది. 2004 జూన్ 3న, వానా వరదా లేని రోజున, జోన్స్ ట్రాక్ట్ అనే చోట గట్టు తెగి దీవంతా మునిగిపోయింది.

ట్రాక్టర్ల బరువు వల్ల నేల కుంగిందని నేననడం లేదు. కుంగింది నీళ్లు తోడెయ్యడం వల్ల, దున్నడం వల్ల. కానీ ఆ దున్నకాన్ని అంత పెద్దఎత్తున సాధ్యం చేసింది పట్టాయే. గుర్రం దిగబడినప్పుడూ చక్రం దిగబడినప్పుడూ నేల ఒక మాట చెబుతూ వచ్చింది. ఆ మాటను మనం ఇంజనీరింగు సమస్యగా విన్నాం, పరిష్కరించాం. అది చెప్పిన మిగతా సగం ఎవరూ వినలేదు.

ఆకివీడు నుంచి కొల్లేరు ఎంతో దూరం లేదు. అక్కడా ఇదే కథ, వేరే మట్టితో. 1999లో కొల్లేటిని ఐదో కాంటూరు దాకా అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో రామ్‌సర్ జాబితాలో చేరింది. అప్పటికే సరస్సులోపల వేల ఎకరాల్లో చేపల చెరువులు లేచాయి. 2006లో 'ఆపరేషన్ కొల్లేరు' పేరుతో ఆ గట్లు తెగ్గొట్టారు. చెరువులు తవ్విందీ ప్రొక్లెయిన్లే, గట్లు తెగ్గొట్టడానికి వచ్చిందీ ప్రొక్లెయిన్లే. యంత్రానికి పక్షం లేదు. ఏ గట్టు మీదికి పంపితే ఆ గట్టు మీదికి పోతుంది, చైను చాలినంత ఉంటే. చెరువు పోయినవాళ్లలో పేద వాటాదారులూ ఉన్నారు, పెద్ద పెట్టుబడిదారులూ ఉన్నారు. వాళ్ల నష్టాలు ఒకేలాంటివి కావు. అదంతా ఇంకో వ్యాసం.

అడుసు తొక్కనేల, కాలు కడగనేల అన్నారు మనవాళ్లు. సేద్యం చేసేవాడికి ఆ సామెత పూర్తిగా కుదరదు. అడుసు తొక్కకపోతే అన్నం లేదు, చేప లేదు. బాబాయి చెరువులు పట్టాభూమిలోవి, సరస్సుకు బయట ఉన్నవి. ఆయన బండి దిగాల్సిన చోటే దిగుతుంది. అయినా ఆయన ప్రశ్న వల్ల నాకు తేలింది ఒకటుంది. చైను ఎంత వెడల్పుండాలన్నదానికి కూలుంబ్ దగ్గరా బెకర్ దగ్గరా జవాబుంది, గడకర్ర పట్టుకున్న ఆపరేటరు దగ్గర ఇంకా మంచి జవాబుంది. ఆ నేల మీదికి అసలు బండిని దింపాలా అన్న ప్రశ్న మాత్రం ఆ లెక్కలో రాదు. దాన్ని విడిగా, చైను కొనకముందే, అడుక్కోవాలి.